శాలువా కప్పారు, సమావేశానికి పిలవలేదు

ప్రశ్న

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడకు 36 ఏళ్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. కాలికి కాలిపర్ (ఊతంగా కట్టుకునే లోహపు పట్టీ) వేసుకుని చంకకర్ర సాయంతో నడుస్తారు. బయటికి వెళ్లడానికి పక్కచక్రాలు బిగించిన స్కూటీ ఉంది. బీకాం చదివారు, ఒక కొబ్బరి వ్యాపారికి ఇంటి దగ్గర నుంచే లెక్కలు రాస్తారు. 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు ఊళ్లో సేవాసంఘం వాళ్లు నది మధ్య లంక ఊళ్లలో చిక్కుకున్నవాళ్లకు భోజనాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ల టిన్నులు పంపుతున్నారు. ఏ ఇంటికి ఏది వెళ్లిందో రాసే మనిషి లేక గందరగోళంగా ఉంటే ఈవిడ రిజిస్టరు తీసుకుని కూర్చున్నారు. అప్పటి నుంచి ఆ పని ఈవిడదే. లంకల్లో ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివాళ్లున్నారు, ఎవరికి నెలలు నిండాయి, ఎవరు డయాలసిస్‌కి వెళ్లాలి, ఫలానా వాళ్ల ఫోన్ కలవకపోతే పక్కింటి నంబరేది, అన్నీ ఈవిడ జాబితాలో ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయంటే ఆ రాత్రి ఈవిడ ఫోన్ పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంటారు. మామూలు రోజుల్లో రక్తదాతల నంబర్లు, అన్నదానం చందాల రసీదులు చూస్తారు. పైసా తీసుకోరు.

పోయిన డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం అని సంఘం వాళ్లు ఆవిడను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ముఖ్య అతిథి మైకులో, "కాలు సహకరించకపోయినా ఈ అమ్మాయి ఇంత చేస్తోంది. అన్నీ బాగున్న మనకేమొచ్చింది?" అన్నారు. ఆవిడకు కన్నీళ్లు వచ్చాయి. అందరూ ఆనందంతో అనుకున్నారు. కొన్ని వారాలకు సంఘానికి కొత్త కార్యవర్గం ఏర్పడింది. సమావేశం కల్యాణమండపం మేడమీద జరిగింది. ఈవిడకు తర్వాత తెలిసింది. అడిగితే ప్రెసిడెంటు గారు, "నీకెందుకమ్మా మెట్లెక్కే శ్రమ, ఏదైనా ఉంటే మేం చెప్తాం కదా" అన్నారు. ఆ తర్వాత నెలకు 8 వేలకు ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. అతని పని ఫోన్లు చేయడం, రిజిస్టర్లు రాయడం. పని నేర్చుకోవడానికి అతను ఈవిడ దగ్గరికే వస్తున్నాడు.

ఉత్తరం చివర్లో ఇంకో సంగతి రాశారు. ఒక వరదలో ఈవిడ పొరపాటున ఒక ఇంటి పేరు రెండుసార్లు రాశారు. ఆ ఇంటికి బియ్యం రెండుసార్లు వెళ్లాయి, పసిబిడ్డ ఉన్న ఇంకో ఇంటికి వెళ్లలేదు. తానే కనిపెట్టి చెబితే, "పర్లేదులే అమ్మా, నువ్వు ఇంత చేయడమే ఎక్కువ" అన్నారట. అదే వారం పాల ప్యాకెట్లు వేరే రేవుకి పంపిన ఒక అబ్బాయిని అందరి ముందూ కేకలేశారు. "నన్ను కూడా కేకలేస్తే బావుండును అనిపించింది. నాకేమైనా పిచ్చా?" అని అడిగారు.

వాళ్లమ్మగారు "ఇంత గౌరవం చూస్తున్నారు, ఇంకేం కావాలి" అంటున్నారు. అన్నయ్య "జీతం లేని చాకిరీ, మానేయ్" అంటున్నారు. "డబ్బు కోసం ఆశపడితే అది సేవ ఎలా అవుతుంది? మానేస్తే లంకల్లో వాళ్ల గతేంటి? నేను అతిగా ఆశిస్తున్నానా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

సమాధానం

మీకు పిచ్చీ లేదు, అతి ఆశా లేదు. ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది ఆ బియ్యం సంగతే. శాలువా గురించీ మేడమెట్ల గురించీ మీరు ఎక్కువ రాశారు కానీ, మిమ్మల్ని లోపల తొలుస్తున్నదేమిటో నాకు అక్కడే అర్థమైంది.

పసిబిడ్డ ఉన్న ఇంటికి వరదలో బియ్యం అందకపోవడం చిన్న విషయం కాదు. చిన్నదని ఆ సంఘం వాళ్లు కూడా అనుకుని ఉండరు. అదే పొరపాటు వేరేవాళ్లు చేస్తే ఎలా జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేద్దాం అని అడిగేవారు. మిమ్మల్ని అడగలేదు. మీ నుంచి సరైన పని రావాలన్న పట్టుదల వాళ్లకు లేదన్నమాట. మీరు ఓపిక చేసుకుని వచ్చి కూర్చోవడమే వాళ్ల దృష్టిలో గొప్ప. వేదిక మీద పొగిడినప్పుడు మీకు కన్నీళ్లు వచ్చింది కూడా అందుకే అని నా నమ్మకం. ఆ పెద్దమనిషి మాటల్లో మీ కాలు ఉంది, మీ జాబితా లేదు. ఏ రాత్రి ఎన్ని ఇళ్లకు ఫోన్ చేశారు, ఎవరిని ఏ పడవ ఎక్కించగలిగారు, అదేమీ ఆయనకు తెలియదు. తెలిసినవాళ్లు అయినా ఆయనకు చెప్పలేదు.

ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. ఆస్ట్రేలియాలో స్టెల్లా యంగ్ అని చక్రాల కుర్చీలో తిరిగే జర్నలిస్టు ఉండేవారు, 2014లో చనిపోయారు. ఆమెకు 15 ఏళ్లప్పుడు ఊరివాళ్లు ఒక అవార్డుకు ఆమె పేరు ఇస్తామని ఇంటికి వచ్చారట. మా అమ్మాయి ఇప్పటిదాకా ప్రత్యేకంగా సాధించింది ఏమీ లేదు కదా అని తల్లిదండ్రులు అన్నారట. బడికి వెళ్లి, ఇంటికొచ్చి, టీవీ చూసే పిల్లకు అవార్డు దేనికి? అవార్డు ఆ కుర్చీకే. మీ విషయం ఇంకా బాధగా ఉంటుంది. మీరు నిజంగానే పెద్ద పని చేశారు. శాలువా మాత్రం దానికి రాలేదు.

ఒక మాట మాత్రం మనసులో పెట్టుకోండి. ప్రెసిడెంటు గారు చెడ్డవారని మీరు ఎక్కడా రాయలేదు. వరద రాత్రుల్లో ఆయనే కారులో మిమ్మల్ని ఇంటి దగ్గర దింపి వెళ్తారని కూడా రాశారు. అలాంటి మనిషి మిమ్మల్ని తక్కువ చేయాలని మేడమీద సమావేశం పెట్టి ఉండరు. ఆయనకు తట్టలేదు. అడిగాక కూడా తట్టకపోవడానికి కారణం, మిమ్మల్ని చూసుకోవలసిన మనిషిగానే ఆయన చూస్తున్నారు. కలిసి నిర్ణయాలు తీసుకునే మనిషిగా ఎప్పుడూ అనుకోలేదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పకపోతే ఆ అలవాటు దానంతట అది పోదు. మీరు ఇంతవరకూ చెప్పలేదు. నవ్వి ఊరుకున్నానని మీరే రాశారు. ఇది తప్పు పట్టడానికి అనడం లేదు. మెచ్చుకుంటున్నవాళ్ల ముందు నోరు విప్పి అడగడం తిట్టేవాళ్లను ఎదిరించడం కంటే కష్టం. అడగగానే "ఇంత చేస్తే ఇదా" అనే మాట వస్తుందని భయం ఉంటుంది.

ముందు డబ్బు సంగతి మాట్లాడతాను. అది మీ మనసులో సిగ్గుగా కూర్చుంది కాబట్టి.

సేవకు డబ్బు తీసుకుంటే సేవ కాకుండా పోదు. మీ ఊళ్లో గర్భిణుల వెంట ఆసుపత్రికి తిరిగే ఆశా కార్యకర్తలు ప్రభుత్వం లెక్కలో స్వచ్ఛంద కార్యకర్తలే, వాళ్లకు చేసిన పనికి డబ్బు వస్తుంది. 2019 తర్వాత కొన్నేళ్లు గ్రామ వాలంటీర్లకు నెలకు 5 వేలు గౌరవ వేతనం ఇచ్చారు. సంఘం దగ్గర డబ్బు లేక అందరూ ఉచితంగా చేస్తున్నంతకాలం మీరూ ఉచితంగా చేశారు, అది మీ మనసు. ఈ పనికి 8 వేలు పెట్టొచ్చని వాళ్లు నిర్ణయించుకున్న రోజున, ఆ పని తెలిసిన మొదటి మనిషి దగ్గరికి వచ్చి "నువ్వు చేస్తావా అమ్మా" అని అడగాలి. మీరు వద్దనేవారేమో. అది మీ ఇష్టం. అడగకపోవడం మాత్రం పొరపాటే.

అయితే కోపం తెచ్చుకునే ముందు ఒక విషయం కనుక్కోండి. ఆ కుర్రాడి పని ఫోన్లు, రిజిస్టర్లేనా, లేక పడవెక్కి లంకలకు వెళ్లడం, సరుకు దింపించడం కూడా ఉందా? అది కూడా ఉంటే వాళ్ల ఆలోచన కొంతవరకు అర్థమవుతుంది. అప్పుడు మీరు అడగవలసింది వేరు. పని రెండుగా చేసి, జాబితా, ఫోన్ల బాధ్యత మీకు ఇచ్చి, తిరిగే పని అతనికి ఇవ్వమని అడగొచ్చు. అతని మీద మాత్రం కోపం పెట్టుకోకండి. 8 వేల కోసం వచ్చిన పిల్లాడు, మిమ్మల్ని అక్కా అని పిలుస్తూ నేర్చుకుంటున్నాడు. ఇంకో సంగతి. మీకు నెలకు 6 వేలు పింఛను వస్తోందని రాశారు. పింఛను అర్హతకు కుటుంబ ఆదాయం చూస్తారు. అందుకని గౌరవ వేతనం ఒప్పుకునే ముందు గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను అడిగి, మీ ఇంటి ఆదాయానికి ఇది కలిస్తే ఏమవుతుందో తెలుసుకోండి. ఈ టెన్షన్ తర్వాత పడేకంటే ముందే తేల్చుకోవడం మంచిది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, ప్రెసిడెంటు గారితో సూటిగా మాట్లాడటం. నాకు ఇదే ముందు చేయదగ్గదిగా కనిపిస్తోంది. వాట్సాప్ గ్రూపులో వద్దు, పదిమంది ఉన్నచోట వద్దు. మీ ఇంటికి రమ్మనండి, లేదా ఆయన ఇంటికే వెళ్లండి. ఏడుపు వస్తుందని భయముంటే ముందు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మాటలు మీవి మీరు పెట్టుకోండి, నేనైతే ఇలా మొదలుపెడతాను: "బాబాయ్ గారూ, మీరు నన్ను బాగా చూసుకుంటారు, అందుకే మీకు చెబుతున్నాను. ఆ రోజు బియ్యం పొరపాటుకు మీరు నన్ను ఒక్క మాట అనలేదు. నాకు అదే బాధగా ఉంది. నన్నూ మిగతావాళ్లతో సమానంగా అడగండి, సమానంగా పిలవండి." ఇంత చెప్పాక ఆయన కాస్త కంగారు పడతారు. పడనివ్వండి. వెంటనే "పర్లేదులెండి" అని మీరే సర్దేయకండి.

ఆ తర్వాత, గౌరవం కావాలి అని ఊరికే అనకుండా, చేయగలిగిన పనులు అడగండి. సమావేశాలు కింద పెట్టమనండి. బడి వరండా ఉంది, గ్రంథాలయం ఉంది, ఎవరో ఒకరి కొబ్బరితోట ఉంది. "పైకి మేం ఎత్తుకుని తీసుకెళ్తాం" అంటే ఒప్పుకోకండి. ఒకప్పుడు పోలింగ్ బూత్‌లలో కూడా మోసుకెళ్తే చాలనుకునేవారు. 2004 ఎన్నికలప్పుడు జావేద్ అబిదీ అనే హక్కుల నాయకుడు, ఆయనా చక్రాల కుర్చీలోనే తిరిగేవారు, సహచరులతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళితే బూత్‌ల దగ్గర ర్యాంపులు పెట్టమని కోర్టు చెప్పింది. ఇవాళ మీరు ఓటు వేయడానికి వెళ్లినప్పుడు కనిపించే ఆ వాలుబాట వెనుక అంత ఉంది. మీ సంఘం ర్యాంపు కట్టనవసరం లేదు, కుర్చీలు కింద వేసుకుంటే చాలు.

సభ్యత్వం గురించి కూడా అడగండి. మీరు ఇన్నేళ్లుగా పనిచేస్తున్నారు గానీ, సంఘంలో సభ్యురాలు అవునో కాదో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీకే తెలియదేమో. రిజిస్టరైన సంఘమైతే దానికి బైలా, అంటే నియమావళి ఉంటుంది, సభ్యుల పుస్తకం ఉంటుంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లందరూ సభ్యులు కారు. సభ్యులకే సర్వసభ్య సమావేశానికి నోటీసు వస్తుంది, ఓటు ఉంటుంది, లెక్కలు అడిగే హక్కు ఉంటుంది. కార్యవర్గంలో చోటు దయతో ఇస్తే, మాట పట్టింపు వచ్చిన రోజున పోతుంది. సభ్యురాలిగా నిలబడి తెచ్చుకుంటే అంత తేలిగ్గా పోదు.

ఈ దారిలో ఏం జరగొచ్చు? ఆయన అర్థం చేసుకుని అన్నీ మార్చొచ్చు. పైకి సరేనని రెండు సమావేశాలు కింద పెట్టి మళ్లీ మామూలైపోవచ్చు. లేదా, "పొగిడితే నెత్తికెక్కింది" అనే మాట ఊళ్లో బయలుదేరొచ్చు. ఆ మూడోది జరిగితే నొప్పిగానే ఉంటుంది, నేను కాదనను. కానీ ఇన్నాళ్లూ మీకు ఇచ్చిన గౌరవం ఎంత లోతున్నదో కూడా అప్పుడే తెలుస్తుంది.

రెండో దారి, కొంత తగ్గించుకోవడం. చందాల రసీదులు, రక్తదాతల ఫోన్లు వదిలేసి, వరద రోజుల పని ఒక్కటే ఉంచుకోవచ్చు. మీ ఉత్తరం చదివితే మీకు ప్రాణం ఉన్నది లంకల జాబితా మీదే అనిపిస్తుంది. గొడవ లేదు, ఓపిక మిగులుతుంది. కాకపోతే నోరు విప్పకుండా తగ్గించుకుంటే "పాపం, ఆరోగ్యం బాగోలేదేమో" అనుకుంటారు. అది మీకు ఇంకా చిరాకు.

మూడో దారి, ఈ సంఘం వదిలి వేరేచోట పనిచేయడం. మీకు తెలిసిన పని చిన్నది కాదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. జిల్లాలో వైకల్యం ఉన్నవాళ్ల వివరాలు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండాలని, వరద లాంటి ప్రమాదం వచ్చినప్పుడు వాళ్లకు ముందుగా తెలియజేసే ఏర్పాటు చేయాలని అందులో రాసి ఉంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఆ అంకెలు టీవీలో వస్తాయి, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. కానీ మంచం దిగలేని మనిషికి ఆ అంకెతో ఏం పని? ఏ పడవ ఎప్పుడు వస్తుంది, ఎవరు ఎత్తుకుంటారు, మందులు ఎవరు సర్దుతారు అన్నది ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పాలి. ఇన్నేళ్లుగా ఆ ఫోన్ మీరు చేస్తున్నారు. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి, మా చుట్టుపక్కల లంకలకు ఈ పని నేను చేయగలను అని రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. రెడ్‌క్రాస్ జిల్లా శాఖలో సభ్యత్వం తీసుకోవచ్చు. మీ మండలంలో వికలాంగుల సమాఖ్య నడుస్తూ ఉంటే అక్కడ మీలాంటి లెక్కలు తెలిసిన మనిషి చాలా అవసరం. పరీక్షలప్పుడు చూపులేని పిల్లలకు రాసిపెట్టేవాళ్లను వెతికే పని కూడా మీరు ఫోన్ మీదే చేయగలరు.

ఆఫీసుల్లో మెట్లు లేవని, జాలి లేదని నేను చెప్పను. అక్కడ కాగితం కదలడానికి చాలాసార్లు తిరగాలి. కొత్తచోట మొదట్లో మళ్లీ మిమ్మల్ని చూసేది మీ కాలుతోనే. అయితే మొదటిరోజే "నాకు ఈ పని వచ్చు, ఇది రాదు, పొరపాటు చేస్తే చెప్పండి" అని మీరే అనొచ్చు. ఈ సంఘంలో ఆ మాట అనే అవకాశం మీకు రాలేదు.

నాలుగోది, ఏమీ మార్చకుండా ఉన్నట్టే ఉండటం. అదీ ఒక దారే. లంకల్లో వాళ్లు మీ గొంతు గుర్తుపడతారని, "అమ్మాయ్ ఫోన్ చేసింది, ఇక సామాన్లు సర్దండి" అంటారని రాశారు. వాళ్లు మీకు ఇచ్చే విలువలో మీ కాలి ప్రసక్తి లేదు, వాళ్లలో సగం మంది మిమ్మల్ని చూసి కూడా ఉండరు. అది చాలనిపిస్తే చాలు. మీ పోరాటం చూసి నేను సంతోషపడటానికి మీరు పోరాడనవసరం లేదు. కానీ "సమాధానపడ్డాను" అని మీరు అనుకున్నాక కూడా రాత్రిళ్లు ఆ మేడమెట్లే గుర్తొస్తుంటే, మీరు సమాధానపడలేదని తెలుసుకోండి.

ఏ దారి పట్టినా ఒక విషయంలో మాత్రం మీరు జాగ్రత్తగా ఉండాలి. కోపంలో ఆ జాబితా మీ దగ్గరే అట్టిపెట్టుకుని వెళ్లకండి. అలా చేస్తే వాళ్లకు మీ విలువ తెలిసొస్తుందన్న ఆలోచన వస్తుంది, రావడం సహజం. ఆ జాబితాలో ఉన్నది మనుషుల ప్రాణాలు. వెళ్లేటట్టయితే ఆ కుర్రాడికి పూర్తిగా నేర్పి, సంతకం పెట్టించుకుని అప్పగించండి. అలాగే అందులో జబ్బుల వివరాలు, ఆడవాళ్ల ఫోన్ నంబర్లు ఉన్నాయి. తీసుకునేవాళ్లు ఎవరైనా సరే, అది గ్రూపుల్లో తిరగకూడదని గట్టిగా చెప్పండి. ఒకవేళ మీరు సంఘంలోనే ఉండిపోతే, ఆ జాబితా ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి అన్న నిర్ణయం మీ చేతిలో ఉండాలని అడగండి. గౌరవ వేతనం కంటే కూడా ఇది మీకు ఎక్కువ తృప్తి ఇస్తుందని నాకు అనిపిస్తోంది.

అన్నయ్యకు ఒక మాట చెప్పండి. ఆయన మీ శ్రమను శ్రమగా లెక్కగట్టారు, అది మంచిదే. కానీ "మానేయ్" అనడంలో కూడా మీ నిర్ణయం ఆయన తీసేసుకుంటున్నారు. అమ్మగారితో వాదించకండి. కూతుర్ని పదిమంది మెచ్చుకోవాలని చిన్నప్పటి నుంచి ఆవిడ ఎంత ఎదురుచూశారో. మీకు కాలిపర్ తొడిగి బడికి పంపిన రోజుల్లో ఊరు ఏమని ఉంటుందో ఆవిడకే తెలుసు. ఆవిడకు శాలువా చాలా పెద్దది. దాన్ని బీరువాలో దాచుకోనివ్వండి. మీకు కావలసింది వేరే అని ఒకసారి నెమ్మదిగా చెబితే చాలు.

ఇదంతా గోదావరి ఎర్రబడక ముందే జరగాలి. జులై వస్తే మాటలకు తీరిక ఉండదు, మీరు మళ్లీ ఫోన్ అందుకుంటారు, ఈ బాధ ఇంకో ఏడాదికి వాయిదా పడుతుంది. చాలా సంఘాలు మార్చి ఆఖరుకు లెక్కలు ముగించి ఆ తర్వాత సర్వసభ్య సమావేశం పెడతాయి. మీ సంఘం బైలాలో ఎప్పుడని ఉందో కనుక్కుని, ఈలోగా సభ్యత్వ రుసుము కట్టి రసీదు తీసుకోండి. సమావేశం ఎక్కడ అన్నది నోటీసులో ఉంటుంది. మేడమీద అని ఉంటే, ఆ రోజే ప్రెసిడెంటు గారికి ఫోన్ చేయండి.